ఆశ్వయుజమున బతుకమ్మ: పేరును గూర్చిన వాదముల విమర్శనము

తెలుగువారి మాసములలో వ్రతము లేని మాసము లేదు. కాని పురోహితుని యపేక్ష లేక, పుస్తకము విప్పక, జనులు తమ పాటతోడను ఆటతోడను మొదటినుండి తుదివఱకు నడపుకొను మాసము లరుదు. ఉత్తర తెలంగాణమున ఆశ్వయుజ మట్టి మాసము. గోదావరికి దక్షిణమున కరీంనగరము, ఉత్తరమున ఆదిలాబాదు. 2016వ సంవత్సరమున ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విభజింపబడినను జనుల వాడుకలో పాతపేళ్లు నిలిచియే యున్నవి. ఈ వ్యాసమునందును ఆ పేళ్లు పాతయర్థముననే వాడబడినవి. భాద్రపద బహుళామావాస్యనాడు దక్షిణపు గట్టున ఆడువారి బతుకమ్మ మొదలగును. ఆశ్వయుజ బహుళామావాస్యకు, అనగా దీపావళికి, ఉత్తరపు గట్టున గోండుల దండారి ముగింపునకు వచ్చును. ఒక యమావాస్యనుండి మఱియొక యమావాస్యవఱకు నదికి నిరువైపుల పాట తెగక సాగుచుండును.

ఈ మాసపు వాఙ్మయమును గూర్చి యిటీవల వ్రాతలు మిక్కుటమైనవి. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014వ సంవత్సరముననే బతుకమ్మ రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినది, తంగేడు రాష్ట్రపుష్పమైనది. పండుగకు గౌరవము హెచ్చుట సంతోషకరమే. ఐనను గౌరవముతోపాటు ఒక చిక్కును వచ్చినది. ఒక రాజో, ఒక యుద్ధమో, ఒక మహాలయమో మూలమని చూపిననే గాని పండుగకు నిలుకడ లేదన్నట్లు, పుట్టుకకథలు చరిత్రగా వ్రాయబడుచున్నవి. పత్రికలలో నచ్చైన కథ పండుగనాటి యుపన్యాసమునకు వచ్చును; ఉపన్యాసమునుండి పాఠశాలకు వచ్చును; బాలురు దానిని శాసనప్రమాణమువలె గ్రహింతురు. ఆ కథలలో ఏది నిలుచును, ఏది నిలువదు, నిలువని కథకు సైతము ఏపాటి విలువ గలదు అను ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పండుగ స్వరూపము

వాదములను విమర్శించుటకు ముందు వస్తువును ఉన్నదున్నట్లు చూడవలెను. బతుకమ్మకు ముందు బొడ్డెమ్మ గలదు. భాద్రపద బహుళమున కన్నెపిల్లలు పుట్టమన్నుతో అంతరువులుగా బొడ్డెమ్మను వేసి, పూలు పెట్టి, చుట్టును తిరిగి పాడుదురు. తుదిదినమున నీట కలుపుదురు. పిమ్మట అమావాస్య వచ్చును. దానిని కరీంనగర ప్రాంతమువారు పెత్రమాస యందురు. ఆ దినమున పెద్దల పేరిట బియ్యమిచ్చుట యాచారము. పూర్వాహ్ణమున పితరులకు బియ్యమిచ్చిన యింటిలోనే సాయంకాలమునకు తొలి బతుకమ్మ పేర్చబడును. దీనికి ఎంగిలిపూల బతుకమ్మ యని పేరు. చిన్న బతుకమ్మ యనియు నందురు.

అటుపిమ్మట దినమున కొక పేరు, పేరున కొక నైవేద్యము. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యము బతుకమ్మ, అట్ల బతుకమ్మ యని నాలుగు దినములు గడచును. ఆఱవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్చరు, నైవేద్యము పెట్టరు. ఏడవనాడు వేపకాయల బతుకమ్మ; వేపకాయల యాకారమున పిండివంట చేయుదురు. ఎనిమిదవనాడు వెన్నముద్దల బతుకమ్మ. తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ, అదియే పెద్ద బతుకమ్మ. సద్దియనగా చద్ది, చల్ది యను ప్రాతరూపమునుండి వచ్చినది. పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వులు మొదలగువానితో కలిపిన యన్నములును, రొట్టెను బెల్లముతో కలిపి ముద్దచేసిన మలీదయు చెఱువుగట్టునకు గొనిపోయి, బతుకమ్మను నీట విడిచిన పిదప వాయనములుగా నిచ్చి పుచ్చుకొందురు.

పేర్పును గూర్చి యొక మాట. శిబ్బిలోనో తాంబాళమునందో గుమ్మడియాకులు పఱచి, గునుగు, తంగేడు, కట్ల, బంతి, చేమంతి, గుమ్మడిపూలను వలయములుగా పేర్చుచు శిఖరముగా తెత్తురు. గునుగు తెల్లనిది, దానికి రంగులద్దుదురు. తంగేడు పచ్చనిది, దానికి రంగు పనిలేదు. శిఖరమున పసుపుముద్దతో చేసిన గౌరమ్మ. ఈ పూలలో మిక్కిలి ముఖ్యములైనవి రెండును తోటపూలు కావు. గునుగు చెలకలలో మొలచు కలుపు. తంగేడు బీడుభూములలో దానంతటదియే పెరుగు పొద. దేవాలయమున నిత్యపూజకు తెచ్చుపూలను విడిచి, కలుపును పొదను శిఖరముగా నెత్తిన పండుగ యిది. దీని మూలమును వెదకువాడు దేవాలయమునకన్న ముందు చెలకవంక చూడవలసియుండును.

బృహదమ్మ వాదము

ఇప్పుడు మిక్కిలి ప్రచారమున నున్న వాదమిది. వేములవాడలో రాజరాజేశ్వరాలయమున బృహత్తైన లింగమొకటి యుండెననియు, చోళరాజైన రాజరాజు కాలమున ఆతని కుమారుడు రాజేంద్రుడు దండెత్తివచ్చి దానిని పెకలించి తంజావూరికి గొనిపోయెననియు, దానికై యచట బృహదీశ్వరాలయము కట్టబడెననియు, ఇచట నొంటరియైన బృహదమ్మను గూర్చి దుఃఖించిన ప్రజలు పూలతో మేరుపర్వతమువలె పేర్చి పాడిరనియు, ఆ బృహదమ్మయే బతుకమ్మ యైనదనియు చెప్పుదురు. వేములవాడ కరీంనగర జిల్లాలోనిదే గనుక ఈ వాదమునకు స్థానికముగా ఆదరము మెండు. ఆదరము వేఱు, ప్రమాణము వేఱు. దీనిని మూడు విధముల పరీక్షింపవచ్చును.

మొదటిది కాలము. వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. వారి యాస్థానము విద్వత్తునకు నిలయము. రెండవ అరికేసరి యాశ్రయమున పంపమహాకవి 941లో కన్నడమున విక్రమార్జున విజయమును రచించెను. ఆతని సోదరుడు జినవల్లభుడు గంగాధర సమీపమునందలి కుర్క్యాల గుట్టపై చెక్కించిన శాసనమున తెలుగు కందపద్యములు గలవు. సోమదేవసూరి యశస్తిలకమును 959లో ముగించిన దీప్రాంతముననే. 966 నాటి పర్భణి తామ్రశాసనము ఈ వంశమువారి దానమును తెలుపుచున్నది. ఇట్లు సంస్కృత కన్నడాంధ్రములు మూటియందును వ్రాతలు మిగిలిన రాజ్యమిది. 973లో రాష్ట్రకూట సామ్రాజ్యము కూలి కల్యాణి చాళుక్యుల యధికారము వచ్చెను. రాజరాజచోళుడు సింహాసన మెక్కినది 985లో. చోళసైన్యము చాళుక్య సత్యాశ్రయుని రాజ్యముపై బడి చేసిన విధ్వంసమును 1007 నాటి హొట్టూరు శాసనము వర్ణించుచున్నది. కాని యది కన్నడదేశమునకు సంబంధించిన వర్ణనము. దానిని వేములవాడకు సాగదీయుటకు శాసనమున నాధారము లేదు.

రెండవది తంజావూరి సాక్ష్యము. ఆలయము 1010లో పూర్తియైనది. అచటి గోడలపై చెక్కిన శాసనములు దానములను గూర్చి యెంత వివరముగా చెప్పుననగా, సత్యాశ్రయుని గెలిచి వచ్చిన పిమ్మట రాజు సమర్పించిన బంగారుపువ్వులను సైతము పేర్కొనును. ఇంత వివరము వ్రాసినవారు మూలలింగమే శత్రుదేశమునుండి తేబడియుండిన ఆ ఘనతను దాచుకొనుట కేమి కారణము? అంతకన్న ముఖ్యమైనది పేరు. ఆ శాసనములలో నాలయమునకు శ్రీరాజరాజీశ్వరమని పేరు. బృహదీశ్వరుడనునది పెరువుడైయార్ అను తమిళనామమునకు పిమ్మట నేర్పడిన సంస్కృతరూపము. దేవికి ప్రత్యేకాలయము 13వ శతాబ్దమున, పాండ్యుల కాలమున వెలసినది. 1010 నాటికి తంజావూరిలోనే బృహచ్ఛబ్దముతో దేవుడు లేనప్పుడు, ఆ దేవుని యెడబాటువలన వేములవాడలో బృహదమ్మ యెట్లు పుట్టును? కొడుకు పుట్టకముందే కోడలిని వెదకినట్లున్నది.

మూడవది శబ్దము. సంస్కృతమునందలి బృహత్తు జనుల నోట నేమగునో ఊహింపనక్కఱలేదు. ఉదాహరణము వారమునకొకసారి వినబడుచునే యున్నది. బృహస్పతివారము తెలుగుపల్లెలలో బేస్తవారమైనది. అనగా ఆదిలోని ఋకారము, దాని వెనుకనున్న హకారము కలిసి దీర్ఘమైన ఏకారమైనవి. ఆ దారిన బృహదమ్మ నడచినచో బేదమ్మవంటి రూపము రావలెను గాని బతుకమ్మ రాదు. తకారము తరువాతి కువర్ణమున కీవాదులు సమాధానమే చెప్పరు. మఱి బతుకు అనునది అచ్చమైన తెలుగుమాట. కావ్యభాషలో బ్రతుకు, బ్రదుకు అను రూపములు గలవు. కన్నడమున బదుకు గలదు. వాడుకలో రేఫము లోపించి బతుకైనది. ఇంత స్పష్టమైన మాట ఇంటిలోనుండగా పొరుగింటినుండి కష్టముతో నొకదానిని తెచ్చి పెట్టుట శబ్దశాస్త్రమున కొప్పదు.

ఐనచో ఈ కథ యెట్లు పుట్టియుండును? వేములవాడ దేవుడు రాజరాజేశ్వరుడు. తంజావూరి శాసనములలోని యాలయము రాజరాజీశ్వరము. రెండు పేళ్లును ఒక్కటియైనట్లు కనబడును. ఈ సామ్యమును జూచినవారెవరో రెండింటికిని ఒక కథతో ముడివేసియుందురని తలచుట యుక్తము. నామసామ్యము కథకు చాలును, చరిత్రకు చాలదు.

ధర్మాంగదుని కథయు తక్కిన కథలును

రెండవ కథ పాటలలోనే యున్నది. చోళదేశమున ధర్మాంగదుడను రాజు, సత్యవతి యాతని భార్య. వారికి నూర్గురు కుమారులు. అందఱును యుద్ధమున మడిసిరి. రాజదంపతులు రాజ్యము విడిచి యడవిలో తపస్సు చేయగా లక్ష్మి వారికి కూతురై పుట్టెను. మునులు వచ్చి ఆ శిశువును బతుకుమని దీవించిరి. ఆ దీవనయే పేరైనది. విష్ణువు చక్రాంగుడను రాజుగా వచ్చి యామెను పెండ్లాడెను.

దీనిని చరిత్రమని చెప్పువారును గలరు, కల్పన యని త్రోసివేయువారును గలరు. ఇరువురును తొందరపడుచున్నారు. సంతానము లేని రాజు, తపస్సు, దేవి కూతురుగా పుట్టుట యనునవి వ్రతకథల కన్నిటికిని సామాన్యములు. చోళదేశమనునదియు వ్రతకథలలో దూరదేశమునకు చెప్పు నలవాటైన పేరే. వీనిని శాసనములతో సరిచూడబూనుట వృథాశ్రమ. కాని యీ కథలో సామాన్యము కానిది ఒకటి గలదు: బిడ్డకు పేరు వచ్చిన విధము. పుట్టినవారు పుట్టినట్లు చనిపోవు ఇంటిలో పిమ్మట పుట్టిన బిడ్డకు పెంటయ్యయనియో పుల్లయ్యయనియో పేరుపెట్టుట తెలుగునాట నెల్లరెఱిగినదే. కుప్పపై వేసి తీసినట్లును, విస్తరాకులో పెట్టి యెత్తినట్లును నటించి, మృత్యువు కన్నుగప్పి బిడ్డను దక్కించుకొను తలంపు దానియందున్నది. బతుకయ్య, బతుకమ్మ యను పేళ్లును ఆ తెగలోనివే. ఇవి కన్ను గప్పుటకు మాఱుగా నేరుగా వేడుకొనును. నూర్గురు పోయిన యింటిలో పుట్టిన పిల్లకు బతుకమ్మ యని పేరు పెట్టిరన్నప్పుడు, పాట కట్టినవారు రాజాంతఃపురమును వర్ణింపలేదు. తమ యింటి పురుటిగదిని రాజున కప్పగించిరి. కథ చరిత్ర కాదు; కాని కథలోని యాచారము సత్యము.

మూడవ కథకు పాఠభేదములు పెక్కులు. ఏడుగురన్నలకు ముద్దుల చెల్లెలొకతె యుండెను. అన్నలు వేటకు పోయిన వేళ వదినె పాలలో విషముపెట్టి యామెను చంపి యూరిబయట పాతిపెట్టెను. అచట తంగేడు మొలచెను. అన్న పూవు కోయబోగా చెట్టు పలికి తన కథ చెప్పి, ఏటేట ఆ పూలలో తన్ను చూచుకొని నీట సాగనంపుమని కోరెను. నాలుగవ కథలో దొర యాగడమునకు తాళలేక ప్రాణము తీసుకొనిన పడుచును ఊరివారు బతుకుమమ్మా యని దీవించిరి. ఈ కథలకు దేశకాలములు లేవు. అవి యుండవలెనని కోరుటయు తగదు.

అయినను నాలుగు కథలను ఒక్కచోట నుంచి చూచినచో నొక విశేషము కనబడును. బృహదమ్మ కథ తప్ప తక్కిన మూటియందును మొదట చావు గలదు, పిమ్మట బతుకుమను దీవన గాని, మఱల మొలచుట గాని గలదు. కొడుకులు చచ్చిన యింట కూతురు. చెల్లెలు చచ్చినచోట చెట్టు. పడుచు చచ్చిన యూరిలో దీవన. పండుగ నడచు తీరుతో నిది సరిపోవుచున్నదా యని యడిగినచో, పెత్రమాస సమాధానము చెప్పును. ఏడాదిలో చచ్చినవారికి బియ్యమిచ్చు దినము ఏదో, ఆ దినపు సాయంకాలముననే బతుకు పేరుగల దేవతను పేర్చుట మొదలగుచున్నది. ఇది యాకస్మికమని యనువారు నిరూపింపవలసియుండును. పేరునకు మూలమును వేయికోసుల దూరమున, తంజావూరిలో, వెదకుటకన్న ఆ సాయంకాలమున వెదకుట మేలు.

నవరాత్రములతో సంబంధము

కొందఱు పండితులు బతుకమ్మను దేవీనవరాత్రములకు జానపదరూపమని తేల్చుదురు. గౌరమ్మ యుండుటచేతను, తొమ్మిది దినము లగుటచేతను ఈ మాట పైకి యుక్తముగా తోచును. లెక్కపెట్టి చూచినచో సందు కనబడును. నవరాత్రములు ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు మొదలై నవమితో నిండును, దశమి విజయదశమి. బతుకమ్మ అంతకు ముందు దినమున, పితృదినమైన యమావాస్యనాడే, మొదలై అష్టమికి ముగియును. శాస్త్రమున పితృకార్యమునకును దేవీకలశస్థాపనకును నడుమ నొక గీటు గలదు. బతుకమ్మ ఆ గీటుపై కూర్చున్నది.

మఱియు దినసంఖ్యయు నన్నిచోట్ల నొకటి కాదు. వేములవాడలోనే సద్దుల బతుకమ్మ ఏడవనాడు జరుగును. వేములవాడ యాడపడుచు అచట ఏడవనాటి సద్దులాడి, తొమ్మిదవనాటికి అత్తవారియూరిలో మఱల నాడవచ్చును; లేదా మెట్టినింటినుండి ఏడవనాటికి పుట్టినింటికి రావచ్చును. జనులు చెప్పుకొను కారణమును ఇదియే. బృహదమ్మ కథకు పుట్టినిల్లని చెప్పబడిన యూరిలోనే నవరాత్రసంఖ్య పాటింపబడకుండుట గమనింపదగినది. ఇక హన్మకొండ జిల్లా హసన్‌పర్తి మండలమునందలి సీతంపేటలో నేతకాని కులమువారు బతుకమ్మను దీపావళికి ఆడుదురు. అనగా ఆశ్వయుజపు మొదటి యమావాస్యకు గాక రెండవ యమావాస్యకు. వీరి యాచారమును అపభ్రంశమని త్రోయుటకు ఆధారమేమి? నవరాత్రములు మూలమైనచో ఈ భేదములు పుట్టుట కష్టము. అమావాస్యయు, పంటచేతికి వచ్చు ఋతువును, ఆడపడుచు రాకయు మూలములైనచో అవి సహజములు. నవరాత్రములు బతుకమ్మను తమ నీడలోనికి తీసికొన్నవనుట సత్యమునకు దగ్గఱ.

పాటలో పేరు లేని గ్రంథములు మౌనముగా నున్నవని యొక యాక్షేపము గలదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, ప్రభాత పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు మొదలగు పదభేదములను చెప్పెను. అందు బతుకమ్మ పదములు లేవు. దీనినిబట్టి బతుకమ్మ యర్వాచీనమని కొంద ఱనవచ్చును. శ్రీశైలయాత్రికులు పాడుకొను పదములను చెప్పుచున్న కవి చెఱువుగట్టున నాడువారి పాటను చెప్పకుండుట దాని లేమికి సాక్ష్యము కాజాలదు. ఉన్నదని చెప్పుటకును అది సాక్ష్యము కాదు. గ్రంథముల మౌనముపై ఇరువురును ఇల్లు కట్టరాదు.

ఉత్తరపు గట్టున దండారి

గోదావరి దాటి యుత్తరమునకు పోయినచో ఆశ్వయుజ పూర్ణిమ పిమ్మట గోండుగూడెములలో దండారి కనబడును. ఏత్మాసూర్ పేను పేరిట వాద్యములకును ఆటసామగ్రికిని పూజచేసి మగవారు దళముగా బయలుదేరుదురు. వారిలో గుస్సాడీలు ముఖ్యులు: తలపై నెమలియీకల కిరీటము, దానికి కొమ్ములు, ఒంటిపై బూడిద, భుజమున మేకతోలు, చేత దండము. వేషము కట్టినది మొదలు ముగింపువఱకు స్నానము చేయరు. దళము ఒక గూడెమునుండి మఱొక గూడెమునకు అతిథిగా పోవును. పోయినచోట విందు, ఆట, రాత్రి నిద్ర. గూడెములకు గూడెములకు నడుమ వియ్యముల మాటలును ఈ రాకపోకలలోనే నడచుట గలదు. దండేపల్లి మండలములో గోదావరియొడ్డున గుడిరేవునందలి పద్మల్‌పురి కాకో సన్నిధికి దండారి దళములు వచ్చి పూజించుట సంప్రదాయము. దీపావళి పిమ్మట కోలబోడితో వేషములు తీసి దండారిని ముగింతురు. మార్లవాయి గ్రామమువాడైన గుస్సాడీ నర్తకుడు కనకరాజునకు 2021లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఆయన 2024లో దివంగతుడయ్యెను.

బతుకమ్మకును దండారికిని జనకజన్యసంబంధము కల్పించుట తప్పు. గోండీయు తెలుగును ఒక ద్రావిడకుటుంబమునకు చెందినవే యైనను, భాషల చుట్టరికము పండుగల చుట్టరికమును నిరూపింపదు. కాని పోల్చుటవలన ప్రయోజనము గలదు. ఒకచోట ఆడువారు, ఒకచోట మగవారు. ఒకచోట శుక్లపక్షము, ఒకచోట బహుళపక్షము. బతుకమ్మలో ఆడపడుచు పుట్టినింటికి వచ్చును. దండారిలో ఊరే లేచి వియ్యపుటూరికి పోవును. రెండును వానలు వెనుకబట్టి, పంట యింకను పూర్తిగా నింటికి రాని వ్యవధిలో, ఎడబాసిన బంధువులను కలుపుచున్నవి. ఈ పనిని గమనింపక వేషమునకో పేరునకో పురాణమూలమును వెదకువాడు తలుపును విడిచి గోడకు తాళముచెవి పెట్టుచున్నాడు.

మఱియొక భేదమును విమర్శకులు తలపోయవలెను. గోండుల పురాణగాథలను పూజావిధులను వర్ణించిన హైమెన్‌డార్ఫ్ గ్రంథము 1948లో వెలువడినది. తెలంగాణ శాసనముల తొలిసంపుటము లక్ష్మణరాయ పరిశోధకమండలి పక్షమున 1935లో వెలువడినది. చెఱువుగట్టున ఏటేట వేలమంది పాడు బతుకమ్మపాటలకు శాస్త్రీయమైన పరిశీలనము బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపదగేయ సాహిత్యము వెలువడిన 1958 ప్రాంతమువఱకు వేచియుండవలసివచ్చెను. రాతిపై నున్న యక్షరమునకు కలిగిన మన్నన నోటిలోని యక్షరమునకు ఆలస్యముగా కలిగినది. ఆ యాలస్యపు ఫలితమే నేటి మూలకథల యలజడి.

పాటను అచ్చొత్తుటయందలి దోషములు

బతుకమ్మపాట నిర్మాణమును తెలియకుండుటచేత అచ్చుప్రతులు కొంత చెడినవి. పాట ఒకతె యెత్తుకొనును. తక్కినవారు చుట్టును తిరుగుచు, వంగి లేచుచు, చప్పట్లతో దానిని తిరిగి పలుకుదురు. పాదములో సగమునకొకసారి ఉయ్యాలో యనియో, వలలో యనియో, చందమామ యనియో ఊతపదము వచ్చును. చదువరి కది నిరర్థకముగా తోచును. పాడువారికి మూడు ప్రయోజనములు గలవు: ఎత్తుకొనినామెకు తరువాతి మాట తలచుకొనుటకు వ్యవధి, వెనుకవారికి కలిసికొనుటకు గుర్తు, అడుగునకును చప్పట్టునకును తాళపు నిలుకడ. పాటలు వచ్చినవారు నలుగురున్న యూరిలో నలుబదిమంది యాడగలుగుట ఈ యూతపదమువలననే.

అచ్చువేయువారు స్థలసంకోచముచేత ఊతపదమును మొదటి పంక్తితో విడిచిపెట్టుదురు. అప్పుడు రెండు సగములు కలిసి యొక పాదమై, యతిప్రాసలు తప్పిన ద్విపదవలె కనబడును. దానిని జూచిన పండితుడు జాలిపడి యతిని సవరించును. సవరించుటకు మాట మార్చును. మాట మాఱగా మాండలికము పోవును. పెత్రమాస పితృ అమావాస్యయగును, సద్ది చద్దియగును, శిబ్బి పళ్లెమగును. తుదకు మిగులునది చెఱువుగట్టున నెవరును పాడనిది, కావ్యముగా నెవరును మెచ్చనిది. పాట ద్విపద కాదు. దానికి ద్విపద లక్షణము లేకుండుట దోషమును కాదు. లక్షణము పాటలోనుండి తీయవలెను గాని పాటపై పెట్టరాదు.

ఇటీవల మఱొక మార్పు వచ్చినది. ధ్వనిముద్రికలలోని పాటను పెద్ద యంత్రములపై మ్రోగించి దాని ననుసరించి యాడుట పెక్కుచోట్ల నలవాటైనది. ఆట నిలిచినది, తిరిగి పలుకుట తగ్గినది. ఊతపదమును యంత్రమే పలుకుచున్నప్పుడు నేర్చుకొను పడుచులకు నోరు విప్పవలసిన యవసరము లేదు. వాద్యమును నిందించుటవలన ప్రయోజనము లేదు. ఐనను పాటవచ్చిన ముదుసలి యున్న యూరిలో ఆమె పాటను ఈ యాశ్వయుజముననే వ్రాసికొనుట అవసరమని దీనివలన తెలియుచున్నది.

నిర్ణయము

పైపరిశీలనమువలన తేలిన దిది. బృహదమ్మ వాదము కాలమునకును, తంజావూరి శాసనములకును, తెలుగు తద్భవముల నడకకును విరుద్ధము. దానిని పాఠశాలలలో చరిత్రగా చెప్పరాదు. ధర్మాంగదుని కథ వ్రతకథ. దానిలోని నామకరణాచారము మాత్రము సత్యమైన సాక్ష్యము. బతుకమ్మ యనునది బతుకు అను తెలుగుమాటనుండి పుట్టిన పేరు. పెత్రమాసనాడు మొదలగుట యా యర్థమునకు బలము నిచ్చుచున్నది. నవరాత్రములతో సాన్నిధ్యము గలదు గాని మూలత్వము నిరూపితము కాలేదు.

బతుకమ్మకు రాజవంశమును తెచ్చిపెట్టనందున దాని గౌరవమునకు లోపమేమియు లేదు. కరీంనగర ప్రాంతపు తల్లి తన బిడ్డ దక్కవలెనని కోరిన కోరిక చోళుల దండయాత్రకన్న ప్రాచీనము, వ్యాపకము. పాఠశాలా పండితులు చేయదగిన పని యొకటి గలదు. పండుగ సెలవులకు పోవు విద్యార్థులచేత తమ యింటి పెద్దలు పాడు పాటలను ఊతపదముతో సహా వ్రాయించి, ఊరిపేరును, ఆడిన దినమును, ఆ యూరిలో సద్దులెన్నవనాడో, పూలకు నైవేద్యములకు అచటి పేళ్లేమో చేర్పించవలెను. ఏడవనాటి యూళ్లేవి, తొమ్మిదవనాటి యూళ్లేవి, దీపావళి యూళ్లేవి యని పటమున గుర్తింపగలిగిన నాడు బతుకమ్మ చరిత్రకు మొదటి ప్రకరణము వ్రాయుటకు వీలగును.